పానపాత్రకు ఎదురుగా ఒక ప్రశ్నావళి

అమెరికా విశ్వవిద్యాలయములలో ఆగస్టు నూతన విద్యార్థుల మాసము. పదునెనిమిదేండ్ల బాలుడో బాలికయో తల్లిదండ్రుల ఇల్లు విడిచి, వసతిగృహమున గది సంపాదించుకొని, ఇంకను తొలి తరగతిలో కూర్చుండకముందే, పెక్కు విద్యాసంస్థలు వారికి ఈమెయిలులో ఒక లింకు పంపి, మద్యమును గూర్చిన అంతర్జాల పాఠము నొకదానిని గడువులోపల పూర్తిచేయవలసినదని ఆజ్ఞాపించుచున్నవి. చేయనివారికి తరువాతి సెమిస్టరు రిజిస్ట్రేషనును నిలిపివేయు సంస్థలును కలవు. పాఠమును తెఱచిన విద్యార్థికి ఉపదేశములకంటె ముందు ప్రశ్నలు ఎదురగును. గడచిన మాసమున ఎన్ని దినములు త్రాగితివి? ఒక్కొక్క పర్యాయము ఎంత? ఎన్ని గంటలలో? నీ బరువెంత? నీతోడి విద్యార్థులు సాధారణముగా ఎంత త్రాగుచున్నారని నీవు తలంచుచున్నావు? ఈ చివరి ప్రశ్నయే ఆ విధానమున కంతటికిని ఆయువుపట్టు.

చట్టము తెలిసినవారికి ఇది వింతగా తోచును. 21 ఏండ్లు నిండనివారికి మద్యము కొనుటకు అనుమతినిచ్చు రాష్ట్రములకు రహదారి నిధులలో కోత విధింతుమని 1984లో ఫెడరల్ ప్రభుత్వము శాసింపగా, రాష్ట్రములన్నియు ఒకదాని వెనుక నొకటిగా ఆ వయఃపరిమితికి తలయొగ్గినవి. అనగా, కళాశాలలో చేరిన తొలి మూడేండ్లును విద్యార్థికి మద్యము నిషిద్ధమే. నిషిద్ధమైన వస్తువును ఎంత పుచ్చుకొంటివని విశ్వవిద్యాలయమే అడుగుటయు, ఆ సమాధానమును శిక్షకు వాడుకొనమని మాట యిచ్చుటయు, పుచ్చుకొనక తప్పదని నీవు నిశ్చయించుకొన్నచో ఇంతకు మించవద్దని హితవు చెప్పుటయు ఏమి న్యాయమని ఒక తండ్రి అడిగినచో, ఆ ప్రశ్నను తోసిపుచ్చుటకు వీలులేదు. దానికి సమాధానము కావలెనన్నచో కొంత వెనుకకు పోవలయును.

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ప్రజారోగ్య విభాగమున హెన్రీ వెక్స్‌లర్ అను పండితుడు 1993లో 140 కళాశాలలకు చెందిన పదునేడువేలకు పైబడిన విద్యార్థులను ప్రశ్నించి, వారిలో నూటికి 44 మంది ఏకబిగిని త్రాగుచున్నారని తేల్చెను. ఏకబిగి యనగా, అంతకుముందు రెండు వారములలో ఒక్కసారియైనను, ఒకే విడతలో, పురుషుడు ఐదు డ్రింకులు గాని స్త్రీ నాలుగు డ్రింకులు గాని పుచ్చుకొనుట. మఱుసటి యేడు ఆ ఫలితములు ప్రకటితము కాగానే పత్రికలు గగ్గోలు పెట్టినవి, తల్లిదండ్రులు బెదరిరి, కళాశాలల అధ్యక్షులు సంఘములు వేసిరి. అమెరికా ప్రభుత్వపు మద్యపాన పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారము, మోటారు ప్రమాదములతో సహా మద్యసంబంధమైన కారణములచే ఏటేట సుమారు 1,500 మంది కళాశాల విద్యార్థులు మరణించుచున్నారు.

ఆ 'డ్రింకు' అను కొలత మన పాఠకులకు అంతగా పరిచితము కాదు గనుక ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. అమెరికా లెక్కలో ఒక డ్రింకు అనగా 14 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. అది 350 మిల్లీలీటర్ల సాధారణమైన బీరులోను, 150 మిల్లీలీటర్ల ద్రాక్షాసవములోను, 45 మిల్లీలీటర్ల విస్కీలోను దాదాపు సమానముగా నుండును. మన దేశమున అమ్ముడగు విస్కీ, బ్రాందీలలో ఆల్కహాలు సామాన్యముగా నూటికి 42.8 పాళ్లు, ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గొకటి అమెరికావారి ఒకటిన్నర డ్రింకునకు సమానము. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా నాలుగు డ్రింకులను మించును. నూటికి ఎనిమిది పాళ్ల ఘాటుగల పెద్ద బీరుసీసా, ఒక్కటియే, మూడు డ్రింకుల పెట్టు. 'ఏమున్నది, ఒక్క క్వార్టరే గదా' యని మన కుఱ్ఱవాడు చెప్పు మాట వెక్స్‌లర్ గారి గీతకు మిక్కిలి చేరువలో నిలుచుచున్నదన్నమాట.

ఈ ఉపద్రవమును అరికట్టుటకు విద్యాసంస్థలు తొలుత ప్రయోగించిన ఆయుధములు మనకును సుపరిచితములే: సభలు, గోడపత్రికలు, కాలేయపు చిత్రపటములు, నుజ్జునుజ్జయిన కారును ఆవరణలో నిలిపి ప్రదర్శించుట. ఇవి యేవియు పనిచేయలేదు. మద్యము చెఱుపు అను సంగతి తెలియక త్రాగువాడు అరుదు. కావున తెలిసిన దానిని మఱల తెలుపుటవలన ఫలములేదని పరిశోధకులు పలుమాఱులు చూపిరి, ప్రభుత్వ సంస్థయు కళాశాలలకు సిద్ధము చేసిన మార్గదర్శికలో కేవల సమాచార బోధను నిష్ప్రయోజనమైన వర్గమునందే చేర్చెను.

క్రొత్త ఆలోచన రెండు దిక్కులనుండి వచ్చినది. మొదటిది న్యూయార్కు రాష్ట్రమునందలి జెనీవా పట్టణమున, హోబార్ట్ అండ్ విలియం స్మిత్ కళాశాలలలో పనిచేయుచుండిన వెస్లీ పెర్కిన్స్, ఆలన్ బెర్కోవిట్జ్ అనువారు 1986లో ప్రకటించిన వ్యాసము. ప్రతి విద్యార్థిని విడివిడిగా అడిగినప్పుడు మితమే మేలని చెప్పిన వారే, తక్కినవారి అభిప్రాయమేమని అడిగినప్పుడు, వారందఱు తమకంటె విచ్చలవిడిగా ఆలోచించుచున్నారని తలంచుటను వారు కనిపెట్టిరి. ఎల్లరును అట్లే తలంచిరి; ఎల్లరి తలంపును నిజమగుట అసంభవము గనుక, ఎక్కడనో ఒక సామూహిక భ్రాంతి యున్నది. దాని పుట్టుక ఊహించుట కష్టముగాదు. శుక్రవారము రాత్రి నడవలో కేకలు వేయుచు, మెట్లపై వాంతి చేసికొని, మఱునాడు దానినే వీరగాథగా చెప్పుకొను ఒకడు నూర్గురి కంటబడును, నూర్గురి నోట నానును. ఆ రాత్రియే గదిలో చదువుకొని పండుకొనిన ముప్పదిమంది ఎవరి కంటను బడరు, వారిని గూర్చి చెప్పుకొనుటకు కథయే యుండదు. ఇట్లు కన్నులు చూచినదానిని బట్టి మనస్సు వేసిన లెక్క తప్పగును. ఆ తప్పు లెక్కతో సమానముగా నుండవలెనని క్రొత్తగా వచ్చిన విద్యార్థి తన పాత్రను నింపుకొనును.

రెండవ దిక్కు పశ్చిమతీరమునందలి సియాటిల్. అచ్చటి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆలన్ మార్లాట్ అను మనశ్శాస్త్రవేత్త, ప్రయోగశాలనే మద్యశాలవలె అలంకరించి, అందులో మనుష్యులు త్రాగు తీరును గమనించుచుండెను. ఆయన 1973లో ప్రకటించిన ప్రయోగము ప్రసిద్ధము. కొందఱకు వోడ్కా కలిపితిమని చెప్పి వట్టి టానిక్ నీరు ఇచ్చిరి, కొందఱకు వట్టి టానిక్ నీరని చెప్పి వోడ్కా కలిపి యిచ్చిరి. ఎవరు ఎక్కువ త్రాగిరి? పాత్రలో నున్న దానితో నిమిత్తము లేకుండ, మద్యమున్నదని నమ్మినవారే. త్రాగుడులో సగము పాలు నమ్మకమేయని నేననినచో అది లెక్క కాదు గాని, మార్లాట్ శాస్త్రము నడచిన దారి మాత్రము అదియే. త్రాగుబోతును పాపి యనియు రోగి యనియు ముద్రవేయక, వాని అలవాటును గూర్చి వానితోనే వాదము లేకుండ మాటలాడి, పూర్తిగా మానుమని షరతు పెట్టక, హానిని ఎంత తగ్గింపగలిగిన అంత తగ్గించుటయే మేలని ఆయన వాదించెను. ఈ హాని తగ్గింపు సిద్ధాంతము నాటికి ఎందఱకో కంటగింపైనది. అయినను, ఆయనయు శిష్యులును విద్యార్థులకొఱకు కల్పించిన స్వల్పకాలిక సంభాషణ పద్ధతిని అనుసరించి, ఎక్కువగా త్రాగుచుండిన నూతన విద్యార్థులతో కూర్చుండి మాటలాడి, రెండేండ్లు వెన్నంటి చూచి, వారి కష్టనష్టములు తగ్గుటను 1998లో నిరూపించిరి.

కాని ఆ పద్ధతికి శిక్షణ పొందిన మనుష్యుడు ఎదురుగా కూర్చుండి దాదాపు గంటసేపు మాటలాడవలయును. ముప్పదివేల విద్యార్థులున్న విశ్వవిద్యాలయమున అట్టివారు నలుగురో ఐదుగురో యుందురు. ఆ సంభాషణలో యంత్రము చేయగలిగిన భాగమును యంత్రమునకు అప్పగింపవలెనను ఊహ అందువలననే పుట్టినది. శాండియాగో స్టేట్ విశ్వవిద్యాలయమున రూపొందిన 'ఈ-చెకప్ టు గో', బోస్టన్‌లో 'అవుట్‌సైడ్ ది క్లాస్‌రూమ్' అను సంస్థ నిర్మించిన 'ఆల్కహాల్ ఎడ్యు' అనునవి వందలకొలది కళాశాలలకు వ్యాపించినవి. మొదటిది అరగంటలోపల ముగియును. రెండవది మొదట రెండు మూడు గంటల పాఠము, ఒక భాగము కళాశాలలో చేరుటకు ముందును, రెండవ భాగము చేరిన నెల నెలన్నరకును.

ఇవి పనిచేయు తీరు చూడదగినది. ఊహకొఱకు 70 కిలోల బరువుగల ఒక కుఱ్ఱవానిని తీసికొందము. శనివారము రాత్రి మూడు గంటలలో ఆఱు డ్రింకులు పుచ్చుకొందునని అతడు వ్రాసినాడు. స్వీడన్ దేశీయుడు ఎరిక్ విడ్మార్క్ ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున కట్టిన సూత్రము ననుసరించి యంత్రము గుణించి, నీ రక్తమున ఆల్కహాలు సుమారు 0.13 శాతమునకు చేరినది, కారు నడుపుటకు చట్టము సహించు మితి అధిక రాష్ట్రములలో 0.08 మాత్రమే యని చెప్పును. కాలేయము గంటకు 0.015 శాతము చొప్పుననే దానిని తొలగింపగలదు; కాఫీ గాని చన్నీటిస్నానము గాని ఆ వేగమును పెంచలేవు; కావున రాత్రి రెండింటికి త్రాగుట మానినవాని రక్తము శుభ్రపడునప్పటికి మఱునాడు పగలు పదునొకండు గంటలగును. అదే ఆఱింటిని అదే మూడు గంటలలో 55 కిలోల బాలిక పుచ్చుకొన్నచో అంకె 0.23 దాటును. అతడు వ్రాసిన ధరలను బట్టి సంవత్సరమునకు మద్యముపై వెచ్చించు ధనమును, ఆ ధనముతో కొనదగిన ఇతర వస్తువులను కూడ తెరపై పేర్చును. ఇక తుదిమెట్టు: నీ తోడివారు వారమునకు ఇన్ని త్రాగుదురని నీవంటివి, వారు నిజముగా చెప్పినది ఇంత, నీ కళాశాలలో నూటికి ఇందఱకంటె నీవు ఎక్కువ త్రాగుచున్నావు. తాను నడిమివాడనని నమ్మిన యువకునికి, తాను నూటికి తొంబదిమందిని దాటి ముందున్నానని తెలియుట గొప్పగా తోచదు, దిగులుగా తోచును. క్లేటన్ నైబర్స్ అను పరిశోధకుడు తన సహచరులతో 2004లో ప్రకటించిన ప్రయోగమున, 252 మంది విద్యార్థులలో ఈ ఒక్క పోలికను మాత్రమే కంప్యూటరుపై చూచినవారు మూడు నెలలకును ఆఱు నెలలకును తక్కువ త్రాగుచుండిరి. తప్పిన లెక్క సరియైనందువలననే త్రాగుడు తగ్గినదని కూడ వారు విశ్లేషించి చూపిరి.

ఇందొక చిక్కు కలదు. ఎక్కువ త్రాగువానిని సగటునకు దింపు ఉపాయము, తక్కువ త్రాగువానిని సగటునకు ఎక్కింపదా? కాలిఫోర్నియాలోని సాన్ మార్కస్ పట్టణమున విద్యుత్తు వాడుకను గూర్చి 2007లో ప్రకటితమైన పరిశోధనలో ఇదియే జరిగినది. ఇరుగుపొరుగులకంటె తక్కువ వాడుచుండిన గృహస్థులు ఆ సంగతి తెలియగానే వాడుక పెంచిరి, చీటిపై ఒక నవ్వుముఖము గీసి మెచ్చుకొన్నప్పుడు మాత్రము పెంచలేదు. మద్యపు కార్యక్రమములు ఈ పాఠమును గ్రహించినవనియే చెప్పవలయును. త్రాగనివానికి త్రాగనివారి సంఖ్యను చూపి ధైర్యము చెప్పుట వానిలో ఒక భాగమైనది. తరగతిలో తానొక్కడనే త్రాగనివాడనని కుమిలిపోవు బాలునికి, తనవంటివారు ఎందఱో కలరని తెలియుటకంటె మేలైన ఓదార్పు లేదు.

ఇక ఫలితముల మాట. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరమునందలి కర్టిన్ విశ్వవిద్యాలయమున కిప్రోస్ కిప్రి బృందము పదుమూడువేల విద్యార్థులను ఆహ్వానింపగా 7,237 మంది సమాధానమిచ్చిరి. వారిలో ప్రమాదకరముగా త్రాగుచున్న రెండువేల నాలుగువందల పైచిలుకు మందిని రెండు వర్గములుగా చీట్లు వేసి విభజించిరి. కొలదినిముషముల అంతర్జాల సమీక్షను చూచినవారు ఒక మాసము తరువాత చూడనివారికంటె 17 శాతము తక్కువ త్రాగిరి. ఆఱు మాసములకు కూడ కొంత భేదము నిలిచినది. 2009లో ఈ వార్త వెలువడినప్పుడు అందఱును సంతసించిరి. రెండేండ్లకే మఱొక వార్త వచ్చినది. అమెరికాలో ముప్పది విశ్వవిద్యాలయములలో 'ఆల్కహాల్ ఎడ్యు' పాఠమును పరీక్షించిన మాలీ పాస్కల్ బృందము, శరత్కాలపు సెమిస్టరులో త్రాగుడు తగ్గినమాట నిజమేయనియు, వసంతము వచ్చునప్పటికి ఆ తగ్గుదల మాసిపోయినదనియు ప్రకటించెను. అటుపిమ్మట కిప్రియే న్యూజీలాండునందలి ఏడు విశ్వవిద్యాలయములలో తన పద్ధతిని మఱల పరీక్షించి, ఒక్కొక్క విడతకు పుచ్చుకొను డ్రింకులు ఐదునుండి నాలుగునకు దిగినను, మొత్తము త్రాగుడులో గణనీయమైన భేదము కనబడలేదని 2014లో నిజాయతీగా ఒప్పుకొనెను. అదే విశ్వవిద్యాలయములలో ఆ దేశపు మూలవాసులైన మావోరీ విద్యార్థులకు వేఱుగా చేసిన పరీక్షలో మాత్రము మొత్తము 22 శాతము తగ్గినది. ఒకే యంత్రము, అవే ప్రశ్నలు, రెండు సమూహములలో రెండు ఫలితములు. ప్రపంచమునందలి పరిశోధనల నన్నిటిని ప్రోగుచేసి తూచిన కాక్రేన్ సమీక్షకులు 2015లో, ఇట్టి పోలికలవలన కలుగు మేలు విధాననిర్ణయమునకు చాలనంత స్వల్పమని తీర్పు చెప్పిరి.

ఇంకొక సూక్ష్మమును కూడ పరిశోధకులు కనిపెట్టిరి. సమీక్షను చూపకుండ కేవలము ప్రశ్నలు మాత్రమే అడిగి విడిచిన వర్గమునందును కొంత మార్పు కలుగవచ్చును. ఎంత త్రాగితివని అడిగినప్పుడు, జీవితమున మొదటిసారిగా వ్రేళ్లు మడచి లెక్కించుకొనుటయే ఒక చికిత్స యగునేమో! ఇట్లయినచో యంత్రముయొక్క నిజమైన మహిమ నిర్ణయించుటయే దుష్కరమగును.

తగ్గుదల యేల నిలువదు? నా యభిప్రాయమిది. ప్రశ్నావళి విద్యార్థి మనస్సును ఒక సాయంకాలము సరిచేయును. ఆవరణ దానిని ప్రతి శనివారము చెఱచుచుండును. ఫుట్‌బాల్ పోటీనాడు మైదానము వెలుపల తెల్లవాఱినదాదిగా బీరు పాఱును. ఫ్రటర్నిటీలను విద్యార్థి సంఘముల గృహములలో క్రొత్తవారిని చేర్చుకొను తంతుకు మద్యమే ప్రధాన ద్రవ్యము. ఆవరణ చుట్టును మద్యశాలలు ధరలు తగ్గించి పిలుచును. పైగా, నిర్బంధమైన పాఠమును విద్యార్థులు ఎట్లు పూర్తిచేయుదురో అధ్యాపకులకు తెలియనిది కాదు: దృశ్యమును ఒక కిటికీలో నడువనిచ్చి, మఱొక కిటికీలో ఆటలాడుకొనుచు, తుదిని ప్రశ్నలకు అందినట్లు సమాధానములు నొక్కుదురు. కేట్ కేరీ మున్నగువారు పరిశోధనలను పోల్చి చూచినప్పుడు, యంత్రముకంటె మనుష్యుడు ఎదుటబడి మాటలాడినదే ఎక్కువకాలము నిలుచుచున్నదని తేలుట ఆశ్చర్యము గాదు.

ఈ సందర్భమున పాఠకుడు మఱొక సంగతి యెఱుగవలయును. 'మీ తోడివారిలో అధికులు మితముగనే త్రాగుచున్నారు' అను ప్రచారమునకు ధనసహాయము చేసినవారిలో బీరు తయారుచేయు ఆన్‌హైజర్-బుష్ సంస్థయు ఒకటి. వెక్స్‌లర్ దీనిని తీవ్రముగా విమర్శించి, గోడపత్రికల రూపమున సాగిన ఆ ప్రచారమువలన త్రాగుడు తగ్గలేదని 2003లో లెక్కలు చూపెను. ధరలు పెంచుమనియు, దుకాణములను అదుపుచేయుమనియు చెప్పు సంస్కర్తకంటె, భ్రాంతిని తొలగింపుమని చెప్పు సంస్కర్త వ్యాపారికి ప్రియుడగుట సహజము. పెర్కిన్స్ కనిపెట్టిన సత్యము దీనివలన అసత్యము కాదు గాని, విశ్వవిద్యాలయపు పెద్దలు ఒక పాఠమును కొని, అందఱిచేతను నొక్కించి, మా బాధ్యత తీఱినదని కాగితము చూపుట తగదు. తలకు కొద్ది డాలర్ల వ్యయముతో వేలమందికి చేరు ఈ సాధనము తొలిమెట్టుగా మంచిది, ఎవరికి మనుష్యుని సహాయము అవసరమో గుర్తించుటకు మఱియు మంచిది. తానొక్కటియే చాలుననుట మోసము.

మన తెలుగు జిల్లాలనుండి ఏటేట వేలకొలది యువకులు ఉన్నత విద్యకై అమెరికాకు పోవుచున్నారు; మాస్టర్సు విద్యార్థులకును ఇట్టి పాఠములను విధించు విశ్వవిద్యాలయములు కలవు. వారు దీనిని వీసా పత్రములలో నొకటిగా భావించి దాటిపోక, సత్యమైన సమాధానములు వ్రాయుట మేలు. వారికి అమెరికా పౌరునికి లేని ప్రమాద మొకటి అదనముగా కలదు. త్రాగి కారు నడిపినట్లు పోలీసులు పట్టుకొన్నచో, న్యాయస్థానము దోషిగా నిర్ణయింపకముందే, ఆ అరెస్టు కారణముగనే వీసాను రద్దుచేయు పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015నుండి అవలంబించుచున్నది. ఇంకొక భయమును మాత్రము విడువవలయును. గదిలో మిత్రుడు త్రాగి లేవలేక, పిలిచినను పలుకక, ఊపిరి నెమ్మదించి, చర్మము చల్లబడి పడియున్నప్పుడు, పోలీసులు వత్తురేమో యని వెనుదీయక, వానిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, వెంటనే 911కు ఫోను చేయవలయును. అట్లు సహాయమునకై పిలిచినవారిని వయోనియమము మీఱినందులకు శిక్షింపరాదని అనేక రాష్ట్రములును విశ్వవిద్యాలయములును నియమములు చేసియున్నవి.

ఇంటియొద్ద నున్నవారికి అమెరికా పాఠము కొనవలసిన పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిద్ధము చేసిన 'ఆడిట్' ప్రశ్నావళిలో నున్నవి పదే ప్రశ్నలు, అవి ఉచితముగా దొరకును, మన వైద్యులును వానిని వాడుచున్నారు. మొత్తము ఎనిమిదిగాని అంతకు మించిగాని వచ్చినవారు వైద్యుని కలిసికొనవలయును. వైద్యుని యొద్దకు పోవుటకు సంకోచించువారు కేంద్రప్రభుత్వపు టెలీ-మానస్ సేవకు 14416 అంకెపై ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును; దానికి రుసుము లేదు.